మా వాడికి ఎంత శాతం?

(ఒంగోలులో ఇంటర్మీడియట్ విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ హాజరైన ఒక సభలో, విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పోయిన నెలలో సింగరాయకొండ వైపు నుంచి రొయ్యల చెరువులు సాగుచేసే ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. చేతిలో లావుపాటి ఫైలు, వెంట ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు. కాఫీ వచ్చేలోపే ఆయన అడిగేశారు: "సార్, మీరు లెక్కల మనిషి. మా వాడికి హార్వర్డులో ఎంత శాతం ఛాన్సుందో ఒక్క అంకె చెప్పండి, చాలు." ఫైలు తెరిచాను. అన్నిటికంటే పైన, అమెరికా విశ్వవిద్యాలయాలు చూసే స్యాట్ పరీక్షలో 1600కు 1540 వచ్చినట్టున్న కాగితం, దాని కింద పదో తరగతి మార్కులు, ఆ కింద అయిదో తరగతినాటి అబాకస్ పోటీ మొదలు మొన్నటి వక్తృత్వ పోటీ దాకా ఇరవై మూడు సర్టిఫికెట్లు, ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు గణాంకశాస్త్రం పాఠం చెప్పిన నేను ఆయన అడిగిన అంకె చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో కూడా ఆ రోజు సరిగా వివరించలేదు. ఈ ప్రసంగం ఆయనకు నేను బాకీపడిన జవాబే అనుకోండి. ఆయన ఈ సభలోనే ఉన్నారు.

నోరు మెదపకపోవడానికి ఒక పాత దెబ్బ కూడా కారణం. చాలా ఏళ్ల కిందట మా సహాధ్యాపకుడి కూతురి మార్కులూ స్కోర్లూ చూసి, ఆమె కోరుకున్న విశ్వవిద్యాలయాలలో ఏదో ఒకచోట సీటు వచ్చే అవకాశం అరవై శాతమని చెప్పాను. చెప్పింది లెక్కల మాస్టారు గనుక వాళ్లు నమ్మారు. నమ్మి, కొంచెం తేలికగా సీటిచ్చే మరో నాలుగు చోట్ల పెట్టదలచుకున్న దరఖాస్తులు మానుకున్నారు. పెట్టిన ఆరు చోట్లా కాదన్నారు. ఆ అరవై ఎక్కడినుంచి వచ్చిందో తరవాత కూర్చుని వెనక్కి లెక్క వేసుకుంటే, లెక్క వేసిన ప్రతిచోటా నేను చేసింది తప్పేనని తేలింది. ఆ తప్పులేమిటో చెబితే ఈ రోజు చెప్పవలసినదంతా చెప్పినట్టే.

మొదటి తప్పు మన అలవాటులోనే ఉంది. మనది ర్యాంకుల నేల. ఈఏపీసెట్ అయినా జేఈఈ అయినా పిల్లవాడు పరీక్ష రాస్తాడు, ర్యాంకు వస్తుంది. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఆ పట్టికలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్సు ఓపెన్ కేటగిరీలో మొదటి వంద ర్యాంకుల లోపే ముగిసిపోతుందని ఈ సభలో ఉన్న తమ్ముళ్లకు నాకంటే బాగా తెలుసు. అందుచేత మూడువేల ర్యాంకు వచ్చిన పిల్లవాడి తండ్రి అక్కడ ఎంత శాతం ఛాన్సుందని అడగడు; రాదని తెలుసు, ఎక్కడ వస్తుందో కూడా తెలుసు. రిజర్వేషన్, ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం వారికి కేటాయించే సగం సీట్లు, ఏటా కాస్త పైకీ కిందికీ జరిగే కటాఫ్, వీటిని లెక్కలో కలుపుకుంటే చాలు. ఇది మన బండలాగుడు పోటీ లాంటిది. ఏ ఊరి గిత్తలైనా, ఎవరి పోషణ అయినా, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో టేపు పట్టి కొలుస్తారు. ఆ కొలత దగ్గర వాదన ఉండదు.

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో ఎంపిక అలా జరగదు. అది పశుప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఒంగోలు గిత్త చుట్టూ తిరిగి మూపురం, కొమ్ములు, నడక, చూపు అన్నీ కలిపి చూడటానికి దగ్గరగా ఉంటుంది. అందులో కొలతలు లేకపోలేదు, కానీ నిర్ణయం కొలతది కాదు. టేపు అలవాటైన చేత్తో ఈ పోటీని కొలవబోయాను, అదీ నేను చేసిన పొరపాటు.

ఇక శాతాల విషయానికి వద్దాం. శాతం అనగానే కింద ఏముందో అడగాలని తరగతి గదిలో ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ని. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవారు 1,80,200 మంది, ఆ ఏడు ఐఐటీల్లో సీట్లు 17,740. అంటే దాదాపు పది శాతం. కానీ ఆ పరీక్షకు అర్హత కోసం అంతకుముందు జేఈఈ మెయిన్ రాసిన 14 లక్షల పైచిలుకు మందిని కింద పెడితే అదే సీట్ల లెక్క ఒకటింబావు శాతానికి పడిపోతుంది. రెండూ నిజాలే. హార్వర్డులో సీటు మూడున్నర శాతానికి వస్తుంది గనుక దానికంటే ఐఐటీయే కష్టమని వాట్సాప్‌లో తిరిగే మాట విన్నప్పుడు నాకు నవ్వు వస్తుంది. పరీక్ష ఫీజు కట్టి రాసి చూద్దామనుకునే జనాన్నీ, వ్యాసాలూ అధ్యాపకుల సిఫారసు లేఖలూ సిద్ధం చేసుకుని నెలల తరబడి దరఖాస్తు నింపే జనాన్నీ ఒకే కుప్పగా పోసి పోల్చడం కుదరదు.

ఆ మూడున్నర శాతాన్నే కాస్త విప్పి చూద్దాం. 2028లో పట్టా పుచ్చుకోవలసిన తరగతికి హార్వర్డుకు వచ్చిన దరఖాస్తులు 54,008. ఆహ్వానం అందినవారు 1,937. భాగిస్తే 3.59 శాతం వస్తుంది. సింగరాయకొండ పెద్దమనిషి ఈ అంకెను ముందే చదువుకుని వచ్చారు. తన కొడుకు చురుకైనవాడు కాబట్టి దీనికి రెండింతలో మూడింతలో ఉంటుందని ఆయన మనసులో లెక్క. అయితే ఈ 3.59 ఎవరిది? ప్రవేశాల పద్ధతి విషయమై హార్వర్డుపై 2014లో వేసిన దావా 2018లో విచారణకు వచ్చినప్పుడు, ఆ సంస్థ లోపలి లెక్కలు కోర్టు ద్వారా బయటపడ్డాయి. అమెరికాలోని దరఖాస్తుదారులకు సంబంధించిన ఆ లెక్కల్లో, క్రీడల కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లలో నూటికి 86 మందికి సీటు దొరికింది. హార్వర్డులోనే చదివిన తల్లిదండ్రుల పిల్లల్లో మూడోవంతు మందికి దొరికింది. ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేకంగా ఆసక్తి చూపినవారు, అక్కడి ఉద్యోగుల పిల్లలు, ఈ నాలుగు తెగలూ కలిపితే సీటు దొరికిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం. ఆ కేసే 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ప్రవేశాల్లో జాతిని పరిగణించే పద్ధతి చెల్లదన్న తీర్పుతో ముగిసింది. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గును మాత్రం ఆ తీర్పు తాకలేదు.

అంటే ఆ 3.59 అనేది ఎనభైల్లో ఉన్నవారినీ ఒకటి రెండులో ఉన్నవారినీ కలిపి తీసిన సరాసరి. నెల్లూరు చెరువు గట్టున సరాసరి లోతు మూడడుగులని బోర్డు పెడితే ఈతరాని వాడు దిగుతాడా? మన పిల్లలు దిగేది ఆ చెరువులో లోతైన చోట. ఎంఐటీ ఈ విషయంలో నిజాయతీగా విదేశీ విద్యార్థుల లెక్కను విడిగా ప్రకటిస్తుంది; అక్కడ మొత్తం మీద నూటికి నాలుగున్నర మందికి సీటొస్తే, విదేశీయులకు అందులో సగానికీ తక్కువ. నేను అరవై శాతం అన్న రోజున ఈ తేడా నా లెక్కలో లేనే లేదు.

రెండో తప్పు స్కోరు దగ్గర జరిగింది. ఎంఐటీలో చేరిన విద్యార్థుల గణితం స్యాట్ స్కోర్లలో మధ్య సగం 780కీ 800కీ నడుమ ఉంటుంది. ఈ ముక్క చదివి, మా అమ్మాయికి 800 వచ్చింది కాబట్టి సీటు ఖాయమనుకునే తల్లులు ఎందరో. సీటొచ్చినవారిలో 800 వచ్చినవారెందరు అన్నది ఒక ప్రశ్న. 800 వచ్చినవారిలో సీటొచ్చినవారెందరు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. హార్వర్డు కేసులోనే బయటపడిన మరో లెక్క చూడండి: 2019లో పట్టా పుచ్చుకోవలసిన తరగతికి దరఖాస్తు పెట్టిన అమెరికా విద్యార్థుల్లో గణితంలో పూర్తి స్కోరు వచ్చినవారే 3,400 మందికి పైగా ఉన్నారు, స్కూలు మార్కులు నూటికి నూరున్నవారు 8,000 మందికి పైగా ఉన్నారు. సీట్లు మొత్తం రెండు వేలు కూడా లేవు. ఇంటర్‌లో వెయ్యికి 985 తెచ్చుకున్న బిడ్డను ఒంగోలులో ఫ్లెక్సీ కట్టి ఊరేగిస్తాం. అక్కడ ఆ మార్కులు దరఖాస్తును శ్రద్ధగా చదివించేటంత పని చేస్తాయి, అంతే. ఆ పని చిన్నదని కాదు, అది లేకపోతే దరఖాస్తు ముందుకు కదలడం కష్టం. కరోనా కాలంలో చాలా సంస్థలు స్కోరు పంపడం ఐచ్ఛికం చేశాయి. ఎంఐటీ 2022లో, హార్వర్డు 2024లో దాన్ని మళ్లీ తప్పనిసరి చేశాయి. ఐచ్ఛికంగా ఉన్న చోట తక్కువ వచ్చినవారు పంపరు గనుక, ఆ సంస్థలు ప్రకటించే స్కోర్లు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ టంగుటూరు పొగాకు వేలం కేంద్రాన్ని ఒకసారి తలచుకుందాం. మన ఇళ్లలో సగం మంది చదువులు వర్జీనియా పొగాకు డబ్బుతో నడిచినవే కాబట్టి ఎవరికీ వివరించనక్కరలేదు. మా నాన్న బేళ్లతో పాటు కుర్రతనంలో నేనూ వెళ్లేవాణ్ని. బ్యారన్‌లో సరిగా కాలిన ఆకు, నిమ్మపండు రంగు, చేత్తో పట్టుకుంటే మెత్తగా సాగే తత్వం, అన్నీ ఉన్న బేలు ముందు కొనుగోలుదారులు ఆగి చూసి, ఒక్కో రోజు మంచి ధర కట్టేవారు. మరో రోజు అదే చేలో, అదే కోతలో వచ్చిన అంతే మంచి బేలు ముందు ఆగి, చూసి, ముందుకు నడిచేవారు. నో బిడ్. నాన్న అడ్డుపడి ఇందులో తప్పేముందని అడిగితే, తప్పేమీ లేదు, ఈ గ్రేడు ఆర్డరు నిన్ననే నిండిందని చెప్పేవారు. పెద్ద విశ్వవిద్యాలయం ప్రవేశ కార్యాలయంలో కూడా ఆర్డర్లుంటాయి. ఈసారి వాయిద్య బృందంలో ఫలానా వాయిద్యం వాయించేవాళ్లు తక్కువయ్యారు, ఫలానా విభాగంలో విద్యార్థులు చేరడం లేదు, భారతదేశం నుంచి కంప్యూటర్ సైన్సు అడిగేవాళ్లు గుట్టలుగా ఉన్నారు. ఆ ఆర్డరు కాగితం మనకు చూపించరు. కాదన్న ఉత్తరం వచ్చిన పిల్లవాడు తనలో లోపం వెతుక్కుంటూ ఏడాది గడిపేస్తే, అది ఆ బేలు తనను తాను తప్పుపట్టుకోవడం లాంటిది.

ఈ పద్ధతి పుట్టుక కూడా అంత పవిత్రమైనది కాదని, సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట చెబుతాను. పరీక్షలో నెగ్గి వచ్చే యూదు విద్యార్థుల సంఖ్య పెరిగిపోతున్నదని 1922లో హార్వర్డు అధ్యక్షుడు లోవెల్ వారికి కోటా పెట్టాలన్నాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. తరవాత కొద్ది ఏళ్లకే, మార్కులతో పాటు వ్యక్తిత్వమూ శీలమూ చూస్తామన్న నియమం వచ్చింది, యూదుల సంఖ్య తగ్గింది. మనిషిని సమగ్రంగా చూడటమనే మంచి మాట వెనక ఇలాంటి చరిత్ర ఉంది. అయితే ఇప్పటి పద్ధతిని అదొక్కటే అనుకుని కొట్టిపారేయడం కూడా సరికాదు.

మూడో విషయం డబ్బు, దీన్ని కన్సల్టెన్సీలు ఎందుకో చివరిదాకా ఎత్తవు. హార్వర్డులో ఏడాది చదువుకు, వసతి భోజనాలతో కలిపి, 80 వేల డాలర్లకు పైమాటే. మన లెక్కలో 70 లక్షలకు పైనే. విద్యార్థి ఎంత ఇచ్చుకోగలడన్నది చూడకుండా ముందు ఎంపిక చేసి, తరవాత అవసరమైనంత సాయం విదేశీయులకు సైతం ఇచ్చే సంస్థలు అమెరికాలో చాలా కొద్ది. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ వాటిలో ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ లాంటి సంస్థ కూడా విదేశీయుల విషయంలో సాయం అడిగారా లేదా అన్నది చూసే నిర్ణయం తీసుకుంటుంది. అంటే ఒకే పిల్లవాడు, ఒకే మార్కులు, ఒకే వ్యాసం. సాయం కావాలన్న గడిలో టిక్కు పెడితే ఒక అవకాశం, పెట్టకపోతే మరో అవకాశం. నేను పిల్లవాడి మార్కులు చూడటానికి ముందే ఇప్పుడు తండ్రిని అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది ఇబ్బందిపడతారు. ఇంటర్నెట్‌లో మార్కులు కొడితే శాతం చూపించే యంత్రాలున్నాయి కదా అంటారు; ఆ యంత్రం మీ బ్యాంకు ఖాతా చూడదు, వ్యాసం చదవదు, లెక్చరరు రాసిన లేఖ తెరవదు. చివరికి దానికి మిగిలేది మార్కులొక్కటే, ఆ మార్కులతో పని ఎంతవరకో ఇందాకే చెప్పుకున్నాం.

నాలుగో తప్పు సిగ్గుపడవలసినది, ఎందుకంటే అది మొదటి సెమిస్టరు పాఠం. ఒక్కో చోట అయిదు శాతం అవకాశముంటే, పది చోట్ల పెడితే కనీసం ఒకచోట వచ్చే అవకాశం నలభై శాతమని కాలిక్యులేటర్ చెబుతుంది. 0.95ను పదిసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే అంతే వస్తుంది. కానీ ఆ గుణకారం చెల్లాలంటే ఆ పది నిర్ణయాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. పది చోట్లకూ పోయేది అవే మార్కులు, చాలా విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో 650 పదాలకు మించని అదే వ్యాసం, అవే లేఖలు. వ్యాసం చప్పగా ఉంటే పది చోట్లా చప్పగానే ఉంటుంది. ఆరు చోట్ల పెట్టిన మా సహాధ్యాపకుడి కూతురికి నేను ఆరు వేరువేరు పాచికలు వేసినట్టు లెక్క కట్టాను. నిజానికి పడింది ఒకే పాచిక, దాన్ని ఆరుగురు చూశారు.

మరి ఆ దరఖాస్తులో ఏం చూస్తారు? కామన్ యాప్‌లో చదువు బయటి పనులకు పది గడులుంటాయి, ఒక్కో పని వివరణకు ఖాళీలతో కలిపి 150 అక్షరాలు. ఇరవై మూడు సర్టిఫికెట్లు అందులో పట్టవు, పట్టించనవసరమూ లేదు. ఆ రోజు మా ఇంట్లో తండ్రి ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్లినప్పుడు, నువ్వు ఇంట్లో ఏం చేస్తుంటావని అబ్బాయిని అడిగాను. వాడు కాస్త తటపటాయించి, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందనీ, కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే కాపలాదారు నిద్రలో ఉంటే రొయ్య తేలిపోతుందనీ, అందుకని ఏరేటర్ ఆగగానే నాన్న ఫోను మోగేలా ఒక పెట్టె తయారుచేశాననీ చెప్పాడు. మొదటిది వానకు తడిసి పాడైందట. రెండోదాన్ని టిఫిన్ డబ్బాలో బిగించాడట. ఇప్పుడు పక్క చెరువుల వాళ్లు కూడా అడిగి పెట్టించుకున్నారట. ఇదంతా ఫైలులో ఎందుకు లేదంటే, దానికి సర్టిఫికెట్ లేదు కదా సార్ అన్నాడు.

లేఖల సంగతి మరీ దయనీయం. ఒక్కో లెక్చరరు వందల మందికి పాఠం చెప్పే మన జూనియర్ కాలేజీల్లో ఆయనకు పిల్లవాడి హాల్‌టికెట్ నంబరు తెలుస్తుంది, పిల్లవాడు తెలియడు. అందుకని లేఖ పిల్లవాడే రాసుకుని వెళతాడు, వాళ్లు స్టాంపు వేసి సంతకం పెడతారు. ఒకే కాలేజీ నుంచి వెళ్లిన నలుగురి లేఖల్లో ఒకే వాక్యాలుంటే చదివేవాళ్లకు అర్థం కాదనుకోవడం అమాయకత్వం. ఇందులో లెక్చరర్లను తప్పుపట్టలేను. నేనూ అలాంటి లేఖల మీద సంతకాలు చేసినవాణ్నే.

కాబట్టి సింగరాయకొండ నుంచి వచ్చిన పెద్దమనిషికి నా జవాబు ఇది. మీ అబ్బాయికి హార్వర్డులో నూటికి ఒకటి రెండుకు మించి అవకాశముందని ఎవరైనా చెబితే, అది దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందో అడగండి. పెట్టవద్దని నేను అనడం లేదు. పెడితే దానితో పాటు నాలుగోవంతు మందికో మూడోవంతు మందికో సీటిచ్చే మంచి విశ్వవిద్యాలయాలు రెండు మూడు, మీరు నిజంగా భరించగల ఖర్చులో, జాబితాలో ఉండాలి. జేఈఈ తయారీ ఆపవద్దు, ఎందుకంటే అక్కడ మీ వాడి స్థానం ఎంతో టేపు పట్టి చెప్పగలం. ఎర్లీ డెసిషన్ అనే పద్ధతిలో దరఖాస్తు పెడితే సీటిచ్చినప్పుడు చేరి తీరాలి, కాబట్టి ఎంత సాయం అందుతుందో తేలనిదే ఆ దారిలో అడుగు పెట్టకండి. ఫైలులోని ఇరవై మూడు కవర్లూ ఇంట్లో భద్రంగా ఉంచుకోండి. టిఫిన్ డబ్బా గురించి రాయగలవారు ఎవరైనా ఉన్నారా అని ఆ రోజే అడిగితే, అది ఎందుకు పనిచేయడం లేదో ల్యాబ్‌లో కూర్చుని రెండు సాయంత్రాలు తనతో పాటు చూసిన ఫిజిక్సు సారు ఒకరున్నారని మీ అబ్బాయి చెప్పాడు. ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబరు 1 గడువు. ఆయనకు అప్పటికి పరీక్ష పేపర్లు దిద్దే పని నెత్తిన పడుతుంది, ఈ వారంలోనే వెళ్లి కలవండి.